మూడు నెలల బ్రష్షు

తిరుపాల్ బ్రష్షు మీద తేదీ రాస్తున్నాడు. ధర్మవరంలో నేతగాళ్ళ వీధిలో, రెండు గదుల ఇంటి వెనక, నీళ్ళతొట్టి పక్కన గొంతుక్కూర్చుని, కొత్త బ్రష్షు కాడను తుండుగుడ్డతో తుడిచి బాల్‌పెన్నుతో దిద్దుతున్నాడు. ప్లాస్టిక్ మీద సిరా ఒకపట్టాన అంటుకోదు. ఒక్కో అంకెను నాలుగైదుసార్లు గీయాలి. ఆ రోజు ఆగస్టు పద్దెనిమిది. అతను రాసింది 18-11. అంటే ఆ బ్రష్షును పారేయవలసిన రోజు.

ఈ పద్ధతి అతను కనిపెట్టిందే. పదకొండేళ్ళుగా పనిచేస్తున్న పళ్ళ ఆసుపత్రిలో రోగులకు ఊరికే ఇచ్చే ప్రతి బ్రష్షు మీదా ఇలాగే రాసి ఇస్తాడు. మూడు నెలలకొకసారి బ్రష్షు మార్చాలని నోటితో ఎన్నిసార్లు చెప్పినా జనం తలూపి వెళ్ళిపోతారు. కుచ్చు రెండువైపులా విచ్చుకుని ఎండుగడ్డిలా అయ్యేదాకా వాడి, ఆ తరవాత దాన్ని తమ్ముడికి దానం చేసే మహానుభావులు కూడా ఉన్నారు. అదే తేదీ రాసి ఇస్తే, మందుసీసా మీద తేదీని చూసినట్టు భయంగా చూస్తారు. డాక్టరమ్మ పద్మజ దానికి 'తిరుపాలన్న తేదీ' అని పేరు పెట్టింది.

అయితే ఇప్పుడు అతని చేతిలో ఉన్నది పెద్దవాళ్ళు వాడే బ్రష్షు కాదు. గులాబీరంగు కాడ, దాని చివర కుందేలు బొమ్మ, బొటనవేలి గోరంత కుచ్చు. మూడేళ్ళ పిల్లల కోసం అమ్మే బ్రష్షు. తిరుపాల్‌కు యాభై ఆరేళ్ళు. పెద్ద బ్రష్షు అతని నోట్లోకి పోవడం లేదు.

ఇంటివైపు వీపు పెట్టి కూర్చుని, సగం శెనక్కాయ విత్తనమంత పేస్టు వేసుకుని, తెరుచుకున్నంత మేరకు నోరు తెరిచి కుచ్చును లోపలికి దూర్చాడు. ముందుపళ్ళు రెండింటి అంచున ఒక సన్నని గాడి ఉంది. పాతికేళ్ళు మగ్గం గుంతలో కూర్చుని పట్టుపోగును పంటితో కొరికి తెంచిన గుర్తు అది. ముందు ఆ గాడి దగ్గర తోమాడు. తరవాత కుడివైపు. ఎడమవైపు వెనక్కి వెళ్ళేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఆపలేదు. రెండు నిమిషాలంటే నూట ఇరవై లెక్కపెట్టాలి. ఊరందరికీ చెప్పే మాట, తనదాకా వస్తే తొంభైకి ఆపేసే మనిషి కాదతను. ఉమ్మితే ఎర్రజీర కనబడింది. చెంబెడు నీళ్ళు పోసి, అది కాలువలోకి పోయేదాకా చూసి, లేచాడు.

సంగతి అతనికి తెలిసి నాలుగు నెలలైంది. ఆసుపత్రిలో అతని ముఖ్యమైన పని లైటు పట్టుకోవడం. డాక్టరమ్మ నోట్లోకి చూస్తున్నంతసేపూ పక్కన నిలబడి, ఆమె తల తిప్పకముందే ఏ పంటి మీద వెలుగు కావాలో గ్రహించి అటు తిప్పుతాడు. వక్కలు, పొగాకు నమిలేవాళ్ళు వస్తే ఆమె మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకోమంటుంది. పడితే మంచిది, పట్టకపోతే దవడ బిగుసుకుంటున్నట్టు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు తిరుపాల్ తన వేళ్ళు తాను పెట్టుకుని చూశాడు. రెండే పట్టాయి. చిన్న అద్దాన్ని లోపలికి పెట్టి లైటు వేసుకుని చూస్తే, ఎడమ దవడ చివర తెల్లటి మచ్చ, దాని నడుమ కందిగింజంత పుండు. రెండు వారాల్లో మానని పుండును నోట్లో ఉంచుకోకూడదని అతనే రోజుకు పదిమందికి చెబుతాడు. అద్దం కడిగి, దాని చోట అది పెట్టేసి, బయట బెంచీ మీద కూర్చున్న మనిషిని లోపలికి పిలిచాడు. అంతే.

ఎందుకు చెప్పలేదంటే, భయం. ఇలాంటి పుండుతో తన కళ్ళ ముందు ముగ్గురు ఆ బెంచీ మీదనుంచి లేచి బెంగళూరు వెళ్ళారు. ముగ్గురికీ కోసి తీశారు. ముగ్గురూ మళ్ళీ రాలేదు. క్యాన్సరుకు కత్తి తగిలితే పాకుతుందని వీధిలో అందరూ అనే మాట. అది అబద్ధమని, ఆలస్యంగా పోయినందువల్ల చచ్చిపోయారని డాక్టరమ్మ చెప్పిన సమాధానం తిరుపాల్‌కు కంఠతా వచ్చు. రోగులకు గడగడా అప్పజెబుతాడు. కానీ ఒంటరిగా కూర్చుని నాలుకతో ఆ పుండును తడుముకునేటప్పుడు ఆ సమాధానం అక్కరకు రాదు. వీధి మాటే నిజమనిపిస్తుంది. నాలుగు నెలలనుంచి నిజమనిపిస్తూనే ఉంది. ఇప్పుడు రెండో వేలు గోరు దాకానే పోతోంది.

"ఏమయ్యా, కొత్త బ్రష్షు తీసినట్టుండావు?" లోపల మగ్గం మీదనుంచి అక్కమ్మ అడిగింది. "పాతది ఈడ పెట్టు. మగ్గం సందుల్లో నూగు పేరుకోనుండాది."

"పారేసినా."

"పారేసినావా? మనింట్లో యానాడన్నా బ్రష్షు పారేసినామా?"

ఆ ఇంట్లో అరిగిపోయిన ప్రతి బ్రష్షూ మగ్గానికే పోతుంది. పట్టు నూగు తీయడానికి దానంత పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు. కానీ మూడు నెలలు వాడిన పిల్లల బ్రష్షును పెళ్ళాం చేతిలో ఎలా పెడతాడు? మే నెలలో మొదటిది కొన్నప్పుడు, హిందూపురంలో ఉన్న కూతురు రాధిక పాప కోసమని చెప్పాడు. పాప వచ్చినప్పుడు వాడుకుంటుందిలే అన్నాడు. ఆ పాత కుందేలు ఇప్పుడు కాగితంలో చుట్టుకుని చొక్కా జేబులో ఉంది.

కళ్ళు పోగును పట్టలేని స్థితి వచ్చాక తిరుపాల్ మగ్గం దిగాడు. ఆ గుంతలోకి అక్కమ్మ దిగింది. అతను పొడుగ్గా, సన్నగా, మెడ కొంచెం ముందుకు వంగి ఉంటాడు. నిలబడినా మగ్గం మీద వంగినట్టే ఉంటుంది. తెల్లచొక్కా ఇస్త్రీ లేకుండా వేసుకోడు. అక్కమ్మ గ్లాసులో పోసి పెట్టిన రాగిగంజిని తాగి, సంచీ భుజాన వేసుకుని స్టేషన్‌కు నడిచాడు. సంచీలో అర అడుగు ఎత్తున్న సున్నపు దవడల బొమ్మ, దానికి తగ్గ మూరెడు బ్రష్షు, అరవై చిన్న బ్రష్షులు. అరవై మీదా నిన్న సాయంత్రమే తేదీ వేశాడు. ఆ రోజు పెనుకొండలో బడి పిల్లలకు క్యాంపు. హిందూపురంలోని తన ఇంటినుంచి డాక్టరమ్మ నేరుగా కారులో వస్తుంది, ధర్మవరం నుంచి ఇతను ప్యాసింజరులో పోతాడు.

రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి వక్కాకు నములుతున్నాడు. ఆ వాసనకు తిరుపాల్ నోట్లో ఇప్పటికీ నీళ్ళూరతాయి. మానేసి పదకొండేళ్ళు. డాక్టరమ్మ పనిలో పెట్టుకుంటూ పెట్టిన ఒకే ఒక షరతు అది. ఆ రోజే మానేశాడు. మొదలైంది మాత్రం పంతొమ్మిదో ఏట. మగ్గం మీద ఒక ముహూర్తం చీర ఉంది. ఎడమవైపు పన్ను లాగేస్తోంది. పెళ్ళివాళ్ళు వారంలో వస్తారు. నాయన చూసి, పొగాకు తుంపి సున్నం రాసి ఇచ్చాడు. పంటి దగ్గర పెట్టుకో, తిమ్మిరెక్కి నొప్పి తెలియదన్నాడు. ముందర పెట్టుకుంటే ఉమ్మి ఊరుతుంది, పట్టు మీద పడితే చీర పాడవుతుంది, అందుకని బాగా వెనక్కి తోసి పెట్టుకో అని కూడా చెప్పాడు. మగ్గం గుంతలో కూర్చున్న ప్రతివాడూ అక్కడే పెట్టుకుంటాడు. ఉమ్మడానికి లేచిపోవడం ఉండదు, ఊరింది మింగడమే. చీర నేసి దించాడు. అందరూ బాగుందన్నారు. పన్ను చచ్చిపోయింది, పొగాకు మాత్రం ఆ మూలనే ఉండిపోయింది.

పెనుకొండ బడిలో పిల్లలు వరండాలో బారుగా కూర్చున్నారు. డాక్టరమ్మ నోళ్ళు చూడడం మొదలుపెట్టే ముందు తిరుపాల్ పాఠం ఉంటుంది. అతని జీవితంలో నలుగురి ముందు నిలబడి మాట్లాడే సందర్భం ఇదొక్కటే. సున్నపు దవడలను తెరిచి, మూరెడు బ్రష్షును ఏటవాలుగా పట్టుకుని, చిగురు నుంచి పంటివైపు తోమి చూపించాడు. పెదాలు పెద్దగా కదలకుండా మాట్లాడడం అలవాటు చేసుకున్నాడు. గొంతు కొంచెం ముద్దగా వస్తుంది. పిల్లలకు అదేమీ పట్టలేదు, ప్రశ్నల వర్షం కురిపించారు.

"గట్టి బ్రష్షుతో తోమితే ఇంకా తెల్లగయితాయి గదా సార్?"

"చిగుర్లు అరిగిపోతాయి. మెత్తందే మంచిది."

"వేపపుల్ల మంచిదంటాది మా అవ్వ."

"మంచిదే. మీ అవ్వకు చెప్పు, సందుల్లోకి అది దూరదని. పుల్లతో తోమినా రాత్రికి బ్రష్షుతో తోమాల."

"రగతం వస్తే ఆపేయాల్నా?"

"ఆపకూడదు. తోమకపోతేనే వస్తాది రగతం. వారం తోమినా ఆగకపోతే డాక్టర్ దగ్గరికి పోవాల."

"మా అన్న బ్రష్షు నేను వాడచ్చా?"

"మీ అన్న నమిలిన చాక్లెట్ తింటావా? తినవు గదా. ఇదీ అంతే."

"మా ఎద్దు యానాడూ పండ్లు తోమదు సార్. దానికి ఒక్కటీ పుచ్చలేదు!"

"అది కుర్‌కురే తినదు, నాయనా," అన్నాడు తిరుపాల్. వరండా అంతా గొల్లుమంది. డాక్టరమ్మ కూడా నవ్వింది. అతనికి సంతోషం వేసింది. ఆ ఒక్క నిమిషం నోట్లో ఏముందో మరిచిపోయాడు.

అప్పుడు మూడో వరసలోంచి ఒక పిల్ల లేచింది. పదేళ్ళుంటాయి, రెండు జడలు, మోచేతి దాకా రంగు గాజులు. "తాతా, బొమ్మకు కాదు. నువ్వు తోమి సూపిచ్చు."

"నేను పొద్దున్నే తోముకున్న్యా పాపా."

"అయితే నోరు తెరువు. రెండు నిమిషాలు తోమినావో లేదో సూస్తాం."

పిల్లలందరికీ ఆ మాట నచ్చింది. నోరు తెరువు, నోరు తెరువు అని పాటలా అందుకున్నారు. డాక్టరమ్మ నవ్వుతూ, "తెరిచి చూపించన్నా, వదిలేట్టు లేరు," అంది. తిరుపాల్ చేతిలోని మూరెడు బ్రష్షు కిందపడింది. దగ్గు వచ్చినట్టు మూతికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని, నీళ్ళు తాగొస్తానని కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు. వెనకనుంచి ఆ పిల్ల గొంతు వినబడుతూనే ఉంది.

"మా నాయన కూడా ఇట్లే మేడమ్. నోరు తెరవడు. ముద్ద ఇంత చిన్నగ చేసుకోని తింటాడు."

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. నీ పేరేమిటని అడిగింది. కీర్తన అంది పిల్ల. నాన్న మహేష్, బడి వెనక సందులోనే మగ్గం నేస్తాడు. డాక్టరమ్మ ఆయాను పంపించి అతన్ని పిలిపించింది.

మహేష్ పిల్లలు అన్నాలకు లేచాక వచ్చాడు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. మగ్గం మీదనుంచి లేచి వచ్చినట్టు చొక్కా మీద ఎర్రపట్టు తుంపులు అంటుకుని ఉన్నాయి. హెడ్‌మాస్టరు గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తిరుపాల్ టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. మహేష్ ముందుపళ్ళ అంచున గాడి ఇప్పుడిప్పుడే పడుతోంది. మూడు వేళ్ళు నిలువుగా పెట్టుకోమంటే రెండు పట్టాయి, మూడోది పెదవి దగ్గరే ఆగింది. లోపల రెండు బుగ్గలూ పాలిపోయి ఉన్నాయి. ఎడమవైపు మూలలో తెల్లటి మచ్చ. తిరుపాల్ టార్చిని అక్కడికే తిప్పాడు. ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

"ఏం నములుతావు?"

"గుట్కా పొట్లాలు మేడమ్. మగ్గం మీద కూసుంటే నిద్దరొస్తాది. రోజుకు ఆరో ఏడో."

"ఈ రోజే ఆపెయ్యాలి. బెంగళూరు పెద్దాసుపత్రికి చీటీ రాసిస్తాను. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు. ఇప్పుడే పోతే భయం లేదు, మహేష్."

ముక్క తీయడం అనగానే మహేష్ కుర్చీలోంచి లేచాడు. "కత్తి పెట్టేదే వద్దు మేడమ్. కత్తి తగిలితే పాకుతాదంట. మా మామకు అట్లే అయింది. కోసినారు, మూడు నెల్లకు పోయినాడు. అయినా ఇప్పుడు కుదరదు. మగ్గం మీద ముహూర్తం చీర ఉండాది. అది దించినాక సూద్దాం."

డాక్టరమ్మ తిరుపాల్‌వైపు చూసింది. కత్తి మాటకు జవాబు చెప్పే పని ఎప్పుడూ అతనిది. డాక్టరు చెబితే నమ్మనివాళ్ళు తమలాంటి మనిషి చెబితే నమ్ముతారు, అందుకే ఆమె దాన్ని అతనికే వదిలేస్తుంది. తిరుపాల్‌కు కంఠతా వచ్చిన సమాధానం ఎక్కడికి పోయిందో. మహేష్ గడప దాకా వెళ్ళి చెప్పుల్లో కాలు పెట్టాడు. చీర దించినాక. ముప్పై ఏడేళ్ళ కిందట తను నాయనతో అన్న మాట అదే. ఆ కాళ్ళు ఆ చెప్పుల్లో ఆ గడప దాటితే మళ్ళీ ఎప్పుడు వస్తాయో, ఏ స్థితిలో వస్తాయో తిరుపాల్‌కు తెలుసు. ఆసుపత్రి బెంచీ మీదనుంచి అలాంటివాళ్ళను చాలామందిని లోపలికి పిలిచాడు.

"ఉండబ్బా," అన్నాడు. "ఈడ సూడు."

టార్చిని తిప్పి తన ముఖం మీదికే వేసుకున్నాడు. నోరు తెరిచాడు. తెరుచుకున్నంత తెరిచాడు. దవడ దగ్గర నరం తాడులా లేచింది. ఒక వేలు పెట్టుకున్నాడు. రెండో వేలు దాని మీద పెట్టబోతే గోరు పళ్ళకు తగిలి ఆగింది. వేళ్ళు తీసి, చిగురు కనబడేట్టు ఎడమ బుగ్గను పక్కకు లాగిపట్టాడు. మహేష్ దగ్గరికి వచ్చి చూసి, వెంటనే ముఖం తిప్పుకున్నాడు. డాక్టరమ్మ చూసింది. కదల్లేదు.

"నాకు తెలిసి నాలుగు నెల్లాయె," అన్నాడు తిరుపాల్, తుండుగుడ్డతో మూతి తుడుచుకుంటూ. "నేనూ నీ మాదిరే అనుకున్న్యా. కత్తి తగిలితే పాకుతాదని ఎవురికీ చెప్పల్యా. కత్తి తగల్లేదబ్బా. అయినా పాకింది."

బయట పిల్లలు పళ్ళేలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"చీర..." అన్నాడు మహేష్, పీలగా.

"నేనూ దించినా ముహూర్తం చీర. నీ కంటే చిన్నోన్ని అప్పుడు. అది కట్టుకున్న ఆడామె యాడుండాదో, ఏం పేరో కూడా నాకు తెలీదు." టార్చి ఆర్పాడు. "నీకింకా రెండు వేళ్ళు పట్టినాయి. నేను రెండు వేళ్ళు పట్టిననాడే పోయింటే బాగుండు. సోమారం నాతో రా. ఇద్దరం పోదాం."

మహేష్ చెప్పులు విడిచి లోపలికి వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. జేబులో ఉన్న పొట్లాలు తీసి బల్ల మీద పెట్టాడు.

అతను వెళ్ళిపోయాక డాక్టరమ్మ చేతి తొడుగులు వేసుకుని తిరుపాల్‌ను అదే కుర్చీలో కూర్చోబెట్టింది. లైటు ఆమే పట్టుకుంది. పదకొండేళ్ళలో అతను ఆ వెలుగుకు ఇటువైపు కూర్చోవడం అదే మొదటిసారి. ఆమె చాలాసేపు చూసింది. దవడ కింద మెడ మీద వేళ్ళతో నొక్కింది. ఒకచోట ఆగి, మళ్ళీ నొక్కింది. అక్కడ ఎందుకు నొక్కుతారో, ఆగితే ఏమిటో అతనికి తెలుసు గనక అడగలేదు.

"రోజూ నా పక్కనే నిలబడ్డావు కదన్నా," అంది ఆమె. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "నా భుజం పక్కనే. నేనెట్లా చూడలేదు?"

"లైటు పట్టుకునేవాని నోట్లో ఎవురు సూస్తారు మేడమ్," అన్నాడు తిరుపాల్. ఆమె తప్పేమీ లేదని చెప్పడానికే అన్నాడు. కానీ ఆ మాటతో ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది.

సాయంత్రం ప్యాసింజరులో కిటికీ పక్క కూర్చుని ధర్మవరం వచ్చాడు. సంచీ తేలికైంది. అరవై బ్రష్షులూ పిల్లలకు పోయాయి. కీర్తన తన బ్రష్షు మీద తేదీ చదువుకుని, ఆ రోజు రాగానే కొత్తది ఇస్తావా తాతా అని అడిగింది. ఇస్తానన్నాడు. అది కూడా గుర్తొచ్చింది. నాలుగు నెలల్లో ఇవాళే అతని గుండె కొంచెం తేలికపడింది, ఇవాళే భయం పూర్తిగా నిజమైంది. రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో అతనికి అర్థం కాలేదు.

ఇంటికి వచ్చేసరికి అక్కమ్మ మగ్గం దిగి పొయ్యి ముందు కూర్చుని ఉంది. అతను కాళ్ళు కడుక్కుని వచ్చి ఆమె ఎదుట పీట మీద కూర్చున్నాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పి, పాత బ్రష్షును ఆమె ముందు పెట్టాడు.

అక్కమ్మ దానివైపు చూసింది. ముట్టుకోలేదు.

"రాధిక పాప రెండు నెల్లాయె మనింటికి రాక," అంది. "పాప బ్రష్షు పొద్దున్నే తడిసి ఉంటాది. దినామూ సూస్తాండా."

తిరుపాల్ తలెత్తాడు.

"సంగటి ఎందుకు జారుగ చేస్తాండా అనుకున్యావు? పప్పు ఎందుకు అంత మెదుపుతాండా? నీకు పండ్లు నొప్పేమోలే అనుకున్న్యా ముందర. తర్వాత తెలిసింది. మా చిన్నాయనకు సూసినా గదా." ఆమె గొంతు పెరిగింది. "నువ్వు చెప్తావు, చెప్తావు అని సూసినా. ఊరందరి నోట్లో ఏముండాదో నీకు గావాల. నీ నోట్లో ఏముండాదో నాకు చెప్పేకి రాలేదా నీకు?"

"అడిగుండచ్చు గదమ్మే."

"అడిగితే నిజమని చెప్తావని భయం," అంది అక్కమ్మ.

ఇద్దరూ పొయ్యి ముందు అలాగే కూర్చున్నారు. ఒకరికి తెలియకూడదని ఒకరు ఇన్నాళ్ళూ పడిన పాటు తలచుకుంటే తిరుపాల్‌కు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. చివరికి ఆమె లేచి, పళ్ళెంలో సంగటి పెట్టి, మజ్జిగ పోసి, వేళ్ళతో తనే పలచగా కలిపి ఇచ్చింది. మొదటిసారి ఆమె ఎదురుగా కూర్చుని, ముఖం తిప్పుకోకుండా తిన్నాడు. తినడానికి ముప్పావుగంట పట్టింది. ఆమె అంతసేపూ కదల్లేదు.

సోమవారం పొద్దున రైలెక్కారు. పెనుకొండలో మహేష్ ఎక్కాడు, నోట్లో ఏమీ లేకుండా, చేతులు ఏం చేయాలో తెలియనట్టు కూర్చున్నాడు. హిందూపురం స్టేషన్‌లో రాధిక కిటికీ ఊచల్లోంచి నాయన చెయ్యి పట్టుకుని రైలు కదిలేదాకా వదల్లేదు. బెంగళూరులో మహేష్‌కు చిన్న ముక్క తీసి చూసి, ఇంకా ముదరలేదని, మందులు రాసి నెలనెలా రమ్మన్నారు. తిరుపాల్‌కు కోశారు. మెడలోకి దిగిపోయిందని చెప్పారు. అక్టోబరు మొదటివారంలో ఒక పొద్దున ఆ ఆసుపత్రిలోనే, అక్కమ్మ కుళాయి దగ్గరనుంచి నీళ్ళు పట్టుకొచ్చేలోపల అతను పోయాడు. పక్క మంచం రోగికి తోడున్న ఆమె, అతను నిద్రపోతున్నాడనుకుంది.

వీధిలో కొందరు కత్తి తగిలే పాకిందన్నారు. పెనుకొండనుంచి చూడడానికి వచ్చిన మహేష్ ఆ మాట అన్నవాళ్ళ ముందుకు వెళ్ళి, కాదని చెప్పాడు. గట్టిగానే చెప్పాడు. ఆసుపత్రిలో ఇప్పుడు బ్రష్షుల మీద తేదీలు డాక్టరమ్మే రాస్తోంది. నవంబరు పద్దెనిమిదిన అరవై కొత్త బ్రష్షులు కారులో వేసుకుని పెనుకొండ బడికి వెళ్ళి, కీర్తనకు ముందుగా ఇచ్చి వచ్చింది.

డిసెంబరు వచ్చింది. అక్కమ్మ కొత్త చీర మొదలుపెట్టింది. మగ్గం సందుల్లో నూగు పేరుకుంటే కొంగు చివర మెలేసి దానితోనే తీస్తోంది. బెంగళూరునుంచి తిరిగొచ్చిన సంచీలో దొరికిన గులాబీరంగు బ్రష్షును ఆమె మగ్గం దగ్గరికి తీసుకుపోలేదు. నీళ్ళతొట్టి గట్టు మీద స్టీలు గ్లాసులో కుందేలు బొమ్మ కిందికి పెట్టి నిలబెట్టింది. కుచ్చు ఇంకా కొత్తదానిలా నిటారుగానే ఉంది, కాడ మీద 18-11 చెరిగిపోలేదు.